లోపలికి పోయిన రాయి

సుంకన్నకు ఆ మలుపు కావాలి.

కొండమీది వనానికి పోయే ఘాటురోడ్డులో అన్నిటికన్నా గడ్డు మలుపు అది. పక్కనే లోయ. రోడ్డు అందులోకి జారిపోకుండా పట్టి నిలిపే గోడను సున్నం, సిమెంటు లేకుండా ఉత్త కొండరాళ్లతో కట్టాలి. ఆ పని చేతికొస్తే సుంకన్న ఇక కూలివాడు కాదు, మేస్త్రీ. కానీ గురువు గంగులప్ప ఊ అనాలి.

ఆయనా, అంత తొందరగా ఊ అనేది!

మలుపుకు ఇవతల కొంత గోడ కట్టి చూపించమన్నాడు. సుంకన్న ప్రాణం పెట్టి కట్టాడు. వెడల్పాటి రాళ్లు ఏరి, సమ్మెటతో చదును చేసి, నిండు మొహం బయటికి పెట్టి నిలిపాడు. కిందిమెలికలో పోయే లారీవాళ్లు బండి ఆపి మరీ చూసిపోతున్నారు. గంగులప్ప మాత్రం ఒకసారి చూసి, వక్క నములుతూ వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే.

పక్కనే ఆయన కట్టిన గోడ ఉంది. అన్నీ చిన్నచిన్న మొహాలు, చింతగింజలు పేర్చినట్టు. అది చూసినకొద్దీ సుంకన్నకు మండింది.

"నా గోడకు ఏం తక్కువైంది మేస్త్రీ? ఎవరినడిగినా నీదానికంటే నాదే బాగుందంటాండారు!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. గంగులప్పకు కోపం రాలేదు. గడ్డపార తెచ్చి చేతికిచ్చాడు.

"నా గోడలో అన్నిటికన్నా చిన్నరాయి చూసుకో. పీకు."

సుంకన్న అరచేతిలో పట్టేంత రాయిని ఎంచుకున్నాడు. గడ్డపార మొన దూర్చి ఎత్తాడు. కదల్లేదు. ఎడమనుంచి, కుడినుంచి, కాలు తన్నిపెట్టి పైకి లాగాడు. చొక్కా తడిసిపోయింది గానీ రాయి ఉలకలేదు. మొండివాడు గదా, గోడ పైకెక్కి, ఇంకా మట్టి కప్పని వరసలోకి తొంగిచూశాడు. బయటికి పిడికెడు కనిపించే ప్రతి రాయీ లోపలికి మూరెడు పోయి ఉంది. ఇన్నాళ్లూ ఆ రాళ్లు అందించింది తనే. పొడుగువే కావాలని ఆయనెందుకు అడిగేవాడో ఒక్కనాడూ అడగలేదు.

"ఇప్పుడు నీ గోడలో. నీకు బాగా నచ్చింది" అన్నాడు గంగులప్ప.

సుంకన్న పొద్దంతా కూర్చుని చదును చేసిన రాయి దగ్గరికి పోయి గడ్డపార పెట్టాడు. ఒక్క తోపుకే అది పెట్టెమూతలా ఊడివచ్చి కింది పొదల్లోకి దొర్లింది. వెనక సందుల్లో నింపిన పిచ్చిరాళ్లు జలజలా కాళ్లమీద పడ్డాయి.

ఏడుపొచ్చింది. ఏడవలేదు. గడ్డపార పక్కరాయికి పెట్టాడు.

రాళ్లు మోసే లచ్చమ్మ తట్ట దించి పరిగెత్తుకొచ్చింది. "వానలు ముంచుకొస్తాండాయి నాయనా! ఆ ఒక్కటీ సర్దిపెట్టుకో, చాలు."

"లేదక్కా. మొత్తం ఇప్పాల."

ఇప్పాడు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. అడుగు వరస దాకా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాడు. గంగులప్ప తలగుడ్డ బిగించి, రాళ్లు అందించడానికి వచ్చి నిలబడ్డాడు. గురువు రాయి మోస్తుంటే శిష్యుడికి మొహం చెల్లలేదు. అయినా చెయ్యి చాపాడు.

పొదల్లో పడిన రాయీ పైకొచ్చింది. సుంకన్న దాన్ని పొడుగునా లోపలికి తోసి, సన్నటి కొస బయటికి ఉంచాడు. పైన ఇంకో రాయి ఎక్కించాడు.

"అయ్యో, అంత మంచి మొహం లోపలికి పాయెనే!" అంది లచ్చమ్మ.

సుంకన్న తలెత్తలేదు. "ఇంకో పొడుగుది అందియ్ మేస్త్రీ."

గంగులప్ప అందించి, చేతులు దులుపుకున్నాడు.

"ఇది అయినాక మలుపు కట్టుకో పో. నేను చూసేదానికి రాను."