ఎలుగుబంటి ఇంట్లో కంగారూ పిల్ల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తేనె కావాలంటే చెట్టెక్కాలి, చెదపురుగులు కావాలంటే పుట్ట తవ్వాలి, నీళ్లు కావాలంటే వాగు దాకా నడవాలి. సలహాలు మాత్రం అడక్కుండానే గుమ్మం దగ్గరికి వచ్చేవి.

ఆ అడవిలో మంగతాయి అనే ఎలుగుబంటి ఉండేది. ఆమె భర్త పేరు సింగరాజు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. మంగతాయి తాగని కషాయం లేదు, నమలని వేరు లేదు. సింగరాజు మాత్రం ఒక్క చుక్క కషాయం కూడా తాగలేదు. లోపం ఎవరిలో ఉందో చూడకముందే మందు ఎవరు తాగాలో తేల్చేయడం ఆ అడవి పద్ధతి.

ఒకరోజు మంగతాయి కషాయం దొప్ప పక్కకు నెట్టి, "ఏమయ్యా, ఇంక ఈ చేదు నా వల్ల కాదు. మనం ఒక బిడ్డను తెచ్చుకుందాం" అంది.

సింగరాజు కాసేపు తల గోక్కుని, "మా అమ్మను అడుగుదామా?" అన్నాడు.

"అడుగుదాంలే. తెచ్చుకున్నాక" అంది మంగతాయి.

ఆ వాగుకు ఏటా దూరదేశాల నుంచి వరహాలమ్మ అనే గూడబాతు వచ్చేది. తల్లి లేని పిల్లలకు తల్లిదండ్రులను వెతకడం ఆమె ఉద్యోగం. ఆమె రెక్క కింద నుంచి కాగితాలు తీసి, "ఎలాంటి బిడ్డ కావాలి?" అని అడిగింది.

"ఆకలేస్తే ఏడిచే బిడ్డ" అంది మంగతాయి.

వరహాలమ్మ నవ్వింది. అది రాసుకుంది. ఏడాదిన్నర తరువాత, సముద్రాల అవతలి నుంచి ఒక కంగారూ పిల్లను తెచ్చి మంగతాయి ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల పేరు మిల్లీ.

"ఆరు నెలల్లో మూడుసార్లు వచ్చి చూస్తాను. పిల్ల మీ దగ్గర కుదురుకుంటే మీదే. కుదురుకోకపోతే వెనక్కి తీసుకుపోతాను" అని చెప్పి వరహాలమ్మ ఎగిరిపోయింది.

పిల్లను చూడటానికి అడవి అంతా వచ్చింది. కొండముచ్చు సూరమ్మ ముందుగా దగ్గరికి జరిగి, "చెవులు చూడండి, ముక్కు చూడండి. ఎవరి పోలికా కాదు" అంది.

"ముందుకాళ్లు పొట్టి, వెనకకాళ్లు పొడుగు. సగం ఒకచోట, సగం ఒకచోట చేయించారా ఏం?" అంది అడవిపంది రంగవదిన. ఆమెకు పదకొండుమంది పిల్లలు. అందులో నలుగురి పేర్లే ఆమెకు గుర్తు.

సింగరాజు తల్లి బుచ్చెమ్మ ఆ అడవి ఎలుగులందరికీ పెద్ద. ఆమె పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "సరే. తెచ్చారు కదా, ఏం చేస్తాం. ఒక నెల నాకు వదిలేయండి. ఎలుగుబంటిని చేస్తాను."

మరునాటి నుంచే పని మొదలైంది. బుచ్చెమ్మ పిల్ల నాలుకకు తేనె రాసింది. పిల్ల ఏడుసార్లు తుమ్మింది. చెదపురుగులు నోట్లో పెట్టింది. పిల్ల వాటిని బుచ్చెమ్మ మొహం మీదే ఉమ్మేసింది. రోజూ నూనె రాసి, పొట్టి ముందుకాళ్లను పట్టుకుని లాగింది. అవి ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. లాగి లాగి బుచ్చెమ్మ భుజాలే నొప్పెట్టాయి.

మంగతాయి దుప్పి దగ్గర పాలు అడిగి తెచ్చి, దూదితో చుక్కచుక్కగా పట్టేది. పిల్ల నాలుగు చుక్కలు తాగేది, ఏడిచేది. పడుకోబెడితే ఏడిచేది. ఎత్తుకుంటే మంగతాయి పొట్టలో తల దూర్చి, ముందుకాళ్లతో బొచ్చు గీరుతూ ఏడిచేది.

"చూశావా, ఎలా గీరుతోందో. పరాయి బిడ్డ పగ" అనేది బుచ్చెమ్మ.

"ఏడవనీ. నా వాళ్లు ఏడిచి ఏడిచి వాళ్లే పడుకునేవాళ్లు. లెక్క సరిపోయిందో లేదో పొద్దున చూసుకునేదాన్ని" అనేది రంగవదిన.

"సొంత పిల్ల అయితే తల్లికి తెలిసిపోతుందమ్మా, ఎందుకేడుస్తోందో" అనేది సూరమ్మ.

చివరికి నెమలి నీలాంబరం కూడా వచ్చాడు. తోక సర్దుకుని రాయి మీద కూర్చుని, "పెంపకం అనేది ఒక కళ అమ్మాయ్. నా పిల్లలు నా ముందు ఒక్కరోజు కూడా ఏడవలేదు" అన్నాడు.

"మీకు ఎందరు పిల్లలు బాబాయ్?" అని అడిగింది మంగతాయి.

నీలాంబరం ఆలోచించాడు. "అది మీ పిన్నిని అడగాలి" అన్నాడు.

ఒకనాడు సింగరాజు పిల్లను ఎత్తుకుని వాగు దాకా వెళ్లి వచ్చాడు. నూరు అడుగులు కూడా ఉండదు. దారి పొడుగునా అందరూ నిలబడి చూశారు. "ఎంత మంచి మొగుడు. మంగతాయి పెట్టి పుట్టింది" అన్నారు. మిగతా రోజంతా ఎత్తుకున్న మంగతాయితో మాత్రం, "అలా ఎత్తుకుని అలవాటు చేయకూడదమ్మా" అన్నారు.

నెల తిరిగేసరికి వరహాలమ్మ వచ్చింది. పిల్లను తూచి చూసి, "బరువు పెరగలేదు. నిద్ర?" అని అడిగింది.

"ఎవరికి?" అంది మంగతాయి.

వరహాలమ్మ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఏం రాసిందో చెప్పలేదు. మంగతాయికి భయం పట్టుకుంది.

పిల్లలూ, ఇక్కడ మీకు ఎలుగుల ఆచారం ఒకటి చెప్పాలి. ఎలుగుబంటి తల్లులు పిల్లల్ని వీపు మీద మోస్తారు. పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతూ అడవంతా తిరుగుతారు. గుహ నుంచి వాగు దాకా తల్లి వీపు మీద జారకుండా వచ్చిన పిల్లకు పండుగ చేస్తారు. దాన్ని వీపు పండుగ అంటారు. అది జరిగాకే ఆ పిల్ల ఎలుగుల పిల్ల.

"వీపు పండుగ చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఆ గూడబాతు కళ్లముందే చేద్దాం. ఇంక తీసుకుపోతాననే మాటే ఉండదు" అంది బుచ్చెమ్మ.

మంగతాయి సరేనంది. పిల్లను పోగొట్టుకుంటానన్న భయంలో ఆమెకు ఇంకేమీ తోచలేదు. పొట్టకు అతుక్కున్న పిల్లను పీకి వీపు మీద పెట్టింది. మొదటిసారి పిల్ల ఎడమ వైపు జారిపడింది. రెండోసారి కుడి వైపు జారిపడింది. పడిన ప్రతిసారీ లేచి, గంతులేస్తూ ముందువైపుకు వచ్చి, మళ్లీ పొట్టలోకే తల దూర్చేది. మంగతాయి మళ్లీ పీకి వీపు మీద పెట్టేది.

మూడో నెలలో వరహాలమ్మ వచ్చిన రోజున అందరూ వాగు దారిలో నిలబడ్డారు. మంగతాయి పిల్లను వీపు మీద పెట్టుకుని బయలుదేరింది. పది అడుగులు బాగానే సాగాయి. పదకొండో అడుగులో ఆ పొట్టి చేతులు పట్టు వదిలేశాయి. మిల్లీ వెనకవైపు జారి రేగుకంపలో పడింది.

ముళ్లలోంచి మంగతాయి వైపే చూసింది. వరహాలమ్మ వచ్చి తన పొడుగు ముక్కుతో ఒక్కొక్క ముల్లే తీసింది. తీస్తూ అడిగింది.

"మంగతాయీ, ఈ పిల్ల ముక్కు గురించి అడిగినవాళ్లున్నారా?"

"ఉన్నారమ్మా. అందరూ అడిగారు."

"తోక గురించి? జాతి గురించి?"

"అడిగారు."

"పుట్టిన చోట దీని తల్లి దీన్ని ఎలా ఎత్తుకునేదో, ఎవరైనా అడిగారా?"

మంగతాయి తలవంచుకుంది. "అడగలేదమ్మా. నేనూ అడగలేదు."

"కంగారూ తల్లుల పొట్టకు తోలు సంచీ ఉంటుంది. పిల్లలు అందులోనే పెరుగుతారు. ఆ పిల్ల నిన్ను గీరడం లేదు. మూడు నెలలుగా నీ పొట్ట మీద తలుపు ఎక్కడుందో వెతుకుతోంది."

మంగతాయి తన పొట్ట వైపు చూసుకుంది. తరువాత పిల్ల వైపు చూసింది. "ఇంకో మూడు నెలల గడువుంది కదా?" అని మాత్రం అడిగింది.

"ఉంది. అదే ఆఖరు" అంది వరహాలమ్మ.

ఇంటికి వచ్చాక మంగతాయి సింగరాజును పిలిచింది. "ఏమయ్యా, ఈ మూడు నెలల్లో పిల్లకు నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు."

సింగరాజు నిజాయితీపరుడు. చాలాసేపు ఆలోచించి, "వాగు దాకా తీసుకెళ్లాను" అన్నాడు.

"అయితే ఇది రెండోది. సంచీ అల్లు."

సింగరాజు గోగునార తెచ్చాడు. రెండు రోజులు అల్లాడు, రెండుసార్లు విప్పాడు. లోపల బూరుగు దూది పరిచాడు. మూడో రోజున మంగతాయి ఆ సంచీని పొట్ట మీదకు వచ్చేలా మెడకూ నడుముకూ కట్టుకుంది. మిల్లీ దూరం నుంచి చూసింది. వాసన చూసింది. ఒక్క గంతులో తలకిందులుగా లోపలికి దూకింది. కాసేపు రెండు కాళ్లూ తోకా మాత్రమే బయట కనబడ్డాయి. తరువాత సంచీ అటూ ఇటూ కదిలింది. కాళ్లున్న చోట చెవులు వచ్చాయి. పిల్ల ఒక్కసారి ఆవులించి, నిద్రపోయింది.

మూడు నెలల్లో మొదటిసారి ఆ గుహ నిశ్శబ్దంగా ఉంది. మంగతాయి మధ్యాహ్నమంతా కదల్లేదు. కాలు తిమ్మిరెక్కింది. కందిరీగ వచ్చి ముక్కు మీద వాలినా తోలలేదు.

మరునాడు ఆమె, "నేను పుట్టలు తవ్వుకుని తిని వస్తాను. సంచీ నువ్వు వేసుకో" అని సింగరాజుకు కట్టి వెళ్లింది. సింగరాజు వాగుకు వెళ్లాడు. అప్పుడు మంచి మొగుడు అన్నవాళ్లే ఈసారి కిందపడి నవ్వారు.

"ఎన్నో నెల సింగరాజూ? చింతకాయలు పంపించమంటావా?" అంది రంగవదిన.

సింగరాజు ఇంటికి వచ్చి మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "నా పరువంతా పోయింది" అన్నాడు.

"పోనీ. పరువుకు మూడు పూటలా పాలు పట్టక్కర్లేదుగా" అంది మంగతాయి. "ఇంతకీ పిల్ల ఏడిచిందా?"

"లేదు. నిద్రపోయింది."

"అయితే రేపు కూడా నువ్వే వేసుకో."

రేపు కూడా వేసుకున్నాడు. ఎల్లుండీ వేసుకున్నాడు. నెల తిరిగేసరికి నవ్వేవాళ్లకు విసుగొచ్చింది. పిల్ల మాత్రం బరువు పెరిగింది. గడ్డి కొరకడం నేర్చింది. సంచీలోంచి తల బయటపెట్టి, వచ్చేపోయేవాళ్లను చూసి చెవులాడించడం నేర్చింది.

ఆరో నెల వచ్చింది. రేపు వరహాలమ్మ వస్తుందనగా బుచ్చెమ్మ కోడలి దగ్గరికి వచ్చింది.

"చూడు కోడలా, ఇంట్లో ఆ సంచీ కట్టుకుంటావో, జోలె కట్టుకుంటావో నీ ఇష్టం. రేపు మాత్రం వీపు మీద ఎక్కించుకునే రా. తాడుతో బిగించి కట్టేద్దాం, పడదు. పది నిమిషాల పని. లేకపోతే మన కులంలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనే తీసుకోలేను, పెద్దదాన్ని కదా."

సింగరాజు తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "పది నిమిషాలేగా మంగతాయీ" అన్నాడు.

మంగతాయి ఆ రోజంతా ఆలోచించింది. వీపు మీద కట్టేస్తే పిల్లకు కులం దొరుకుతుంది. కానీ ఆ రేగుకంప దగ్గర పిల్ల తన వైపు చూసిన చూపు ఆమెకు గుర్తుంది. అది రెండోసారి చూడటానికి ఆమెకు ధైర్యం లేదు. తెల్లారాక సంచీ కట్టుకుని, అత్త కట్టమన్న తాడును పొయ్యిలో పెట్టింది.

వాగు దగ్గర అందరూ కూడారు. కోడలి పొట్ట మీద సంచీ చూసి బుచ్చెమ్మ మొహం తిప్పుకుంది. "ఇక ఇది ఎలుగుల పిల్ల కాదు" అంది, అందరికీ వినబడేలా.

"కాదు అత్తా. కంగారూ పిల్ల. నా పిల్ల" అంది మంగతాయి.

వరహాలమ్మ ముందుకు వచ్చింది. మిల్లీని సంచీలోంచి తీసి, తూచి, మంగతాయికి దూరంగా ఇసుక మీద దింపింది. సరిగ్గా అప్పుడే నీలాంబరం, ఇంత జనం పోగయ్యారు కదా అని, పురి విప్పి గొంతెత్తి ఒక్క అరుపు అరిచాడు. అంత దగ్గర నుంచి నెమలి అరుపు ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. గాల్లోకి ఎగిరి పడింది. ఒళ్లంతా వణికింది.

"ఇలా రా, ఇలా రా" అని నాలుగు వైపుల నుంచీ చేతులు చాచారు. బుచ్చెమ్మ కూడా అలవాటు కొద్దీ కూలబడి వీపు చూపించింది. మిల్లీ ఎవరి వైపూ చూడలేదు. మూడు గంతుల్లో ఇసుకంతా దాటి, బుచ్చెమ్మ వీపు మీదుగా దూకి, మంగతాయి సంచీలోకి తలకిందులుగా దూరిపోయింది. తోక మాత్రం బయట మిగిలింది. అది వణికి వణికి, నెమ్మదిగా ఆగింది.

వరహాలమ్మ కాగితం మడిచి రెక్క కింద పెట్టుకుంది. "నేను మొత్తం ముప్పై ప్రశ్నలు అడగాలి. భయమేస్తే పిల్ల ఎక్కడికి పరిగెడుతుందన్నది ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావి నేనే రాసుకుంటాను. మంగతాయీ, పిల్ల నీది. నేను ఇంక రాను."

సింగరాజు ఇసుకలో కూర్చుని ఏడిచాడు. ఎవరూ నవ్వలేదు. రంగవదిన తన పిల్లల్ని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

గుహకు వచ్చేసరికి మంగతాయికి కళ్లు మూతలు పడుతున్నాయి. ఆరు నెలల నిద్ర ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. గుమ్మంలో బుచ్చెమ్మ నిలబడి ఉంది.  కోడలిని చూడగానే చేయి చాచింది.

"ఆ సంచీ ఇలా తే."

మంగతాయి రెండు చేతులూ సంచీ చుట్టూ వేసుకుంది. "ఎందుకత్తా?"

"ఎందుకేమిటి? ఎంతసేపని మోస్తావు? దీని ముడి ఎక్కడుందో చూపించి, వెళ్లి పడుకో. ముందుకు కట్టుకోవాలా, పక్కకా? నాకేం తెలుసు, నేనెప్పుడైనా కట్టుకున్నానా?"

మంగతాయి ముడి చూపించింది. బుచ్చెమ్మ పొట్ట మీద సంచీ సర్దుకుని, లోపలికి తొంగి చూసింది. రెండు చెవులు ఆడాయి. ఇంకేదో అడగబోయి కోడలి వైపు తిరిగింది. మంగతాయి అప్పటికే గోడకు జారబడి గుర్రు పెడుతోంది.

నీతి: ఇంటికి తెచ్చుకున్న బిడ్డ మన ఆచారంలో ఇమడలేదని బిడ్డను సాగదీయకూడదు, బిడ్డ ఇమిడేలా మన ఇంటినే సాగదీసుకోవాలి. తల్లికి సలహా ఇవ్వాలనిపించినవాళ్లు ముందుగా ఆ బిడ్డను ఒక పూట ఎత్తుకోవాలి.