కందెనకు కొత్త పేరు

రాజుగారి బళ్లశాలలో నలభై బళ్ల ఇరుసులకు కందెన రాసీ రాసీ సింగన్న నడుము వంగిపోయింది. కందెన అంటే ఆముదంలో గడ్డిమసి కలిపిన నల్లటి ముద్ద, అంతే. కొత్తగా వచ్చిన భాషాధికారి విరూపాక్షావధానికి ఆ పేరు మోటుగా తోచింది. "ఇకమీదట ‘చక్రనాభి ఘర్షణ నివారక శ్యామ స్నిగ్ధలేపనం’ అని అడిగినవాడికే సామాన్ల కొట్టులో ఇవ్వాలి. తడబడితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి" అని ఆజ్ఞ వేశాడు.

సింగన్న నెల రోజులుగా కొట్టు దగ్గర తడబడి, ఉత్తచేతులతో తిరిగొస్తున్నాడు. ఎండిన ఇరుసుల బళ్లు లాగలేక ఎద్దుల మెడలు పుండ్లు పడ్డాయి.

ఒకరోజు అవధాని ఇలాంటి పేర్లతో తను కూర్చిన పదకోశాన్ని, పొరుగూళ్లో విడిది చేసిన రాజుగారికి సమర్పించడానికి బండెక్కాడు. ఊరు దాటగానే ఇరుసు కీచుమని అరిచింది. బండివాడు ఆపబోతే, "ముహూర్తం మించిపోతుంది, పోనీ!" అని కసిరి, "సింగన్నా, నడుస్తూనే కందెన వెయ్యి!" అని కేకేశాడు.

బండి పక్కనే కాళ్లీడుస్తూ నడుస్తున్న సింగన్న, అడుగున కాస్త పాత కందెన మిగిలిన వెదురుగొట్టం చూపించాడు. "ఆ మాటకు ఇవ్వకూడదు కదండీ. అసలు పేరు చెప్పండి."

అవధాని మొదలుపెట్టాడు. గతుకుల్లో రెండుసార్లు నాలుక కరుచుకున్నాడు.

"మొదటినుంచండీ" అన్నాడు సింగన్న నీరసంగా.

మూడోసారి ‘శ్యామ’ దాకా వచ్చేసరికి ఇరుసు పొగలు కక్కి ఫెళ్లున విరిగింది.

బురదలోంచి లేస్తున్న అవధానికి సింగన్న చెయ్యందించాడు.

"పేరు మీకు బాగానే వచ్చండీ. అది పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఇరుసుకే లేదు."