ఇంకో గుప్పెడు లవంగాలు

స్వీడన్ దేశంలో, మోకాళ్ళదాకా మంచు పేరుకునే ఒక కొండమీద చిన్న మఠం ఉండేది. అందులో ఎస్కిల్ అనే శిష్యుడికి మూడేళ్ళుగా ఒకటే తలనొప్పి. దాని పేరు గ్లోగ్.

గ్లోగ్ అంటే మరేం లేదండీ, క్రిస్మస్ చలికి అక్కడివాళ్ళు కాచుకునే ద్రాక్షసారా. దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు, నారింజ తొక్క వేసి సన్నసెగమీద వెచ్చబెడతారు. మరగనివ్వరు. గ్లాసులో నాలుగు కిస్మిస్‌లు, రెండు బాదంపప్పులు వేసి చేతికిస్తారు. చెబుతుంటేనే ఒళ్ళు వెచ్చబడుతోంది!

పండగనాడు కట్టెలు కొట్టేవాళ్ళు కొండెక్కి మఠానికి వస్తారు. "వాళ్ళు నీ కుండ ఖాళీ చేసిననాడు నీకు దీక్ష ఇస్తాను" అన్నాడు గురువు తోర్గిల్స్. రెండేళ్ళూ వాళ్ళు ఒక్క గుక్క తాగి, మర్యాదగా గ్లాసులు బల్లమీద పెట్టేసి పోయారు.

ఈ ఏడు పండగనాడు తెల్లారింది మొదలు ఎస్కిల్ పొయ్యి దగ్గరే. గరిటెతో తీయడం, చప్పరించడం, "ఛ, చప్పగా ఉంది" అనడం, ఇంకో గుప్పెడు లవంగాలు పడేయడం. మధ్యాహ్నానికి ఓపిక చచ్చిపోయింది.

గురువు రాగానే గరిటె విసిరికొట్టాడు. "నావల్ల కాదు గురువుగారూ! ఎన్ని లవంగాలు వేసినా దీనికి ఘాటు రాదు. ఆ వర్తకుడెవడో సారం తీసేసిన సరుకు అంటగట్టాడు. పోనీ తాగేవాళ్ళా? చెట్లు నరికీ నరికీ వాళ్ళ నాలుకలు కూడా చెక్కలైపోయాయి!"

గురువు రొట్టెముక్కమీద ఏదో పచ్చటి ముద్ద దట్టంగా పూసి, రెండుగా తుంచి, సగం తను ఉంచుకుని, మిగతా సగం శిష్యుడి చేతిలో పెట్టాడు. "పొద్దుటినుంచి ఏమీ తినలేదు. తిను."

ఎస్కిల్ నములుతూనే పొయ్యిని తిట్టాడు. తడిసిన కట్టెల్ని తిట్టాడు. రొట్టె అయిపోయాక తలెత్తి చూస్తే గురువు మొహం ఎర్రబడి ఉంది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

శిష్యుడు హడలిపోయాడు. "అయ్యయ్యో! నేనేదో విసుగులో వాగాను. మీరు ఏడవకండి గురువుగారూ!"

"ఏడుపు కాదు నాయనా, ఆవముద్ద ఘాటు" అంటూ తోర్గిల్స్ ముక్కు తుడుచుకున్నాడు. "నీకు తగల్లేదూ?"

ఎస్కిల్ వేలితో నాలుక తడుముకున్నాడు. పంటినొప్పికి లవంగనూనె రాసిన చిగురులా మొద్దుబారిపోయి ఉంది.

వెంటనే కుండ దింపేసి, మిగిలిన ఒక్క జాడీ సారా పొయ్యిమీదికి ఎక్కించాడు. లవంగాలు మూడే మూడు వేశాడు. కట్టెలవాళ్ళు తలుపు తోసుకుని వచ్చేసరికి, ముందున్న ముసలావిడ చేతికి గరిటె అందించాడు.

"ఎలా ఉందో కాస్త మీరు చెప్పండమ్మా."

ఆవిడ చప్పరిస్తుంటే, ఎస్కిల్ ఊపిరి బిగబట్టి ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు.