జాజి ఏనాడూ అనని మాట

ఆ ఏడు ఎండలకు గుట్టల మీది అడవిలో వాగులన్నీ ఎండిపోయాయి. మిగిలింది ఒక్క ఊట. దాని దారి తెలిసింది నల్లన్న అనే ముసలి ఎద్దుకే. పాపం, ఆయనకు రెండు కళ్లూ పోయాయి. దూడగా తిరిగిన దారి గనక మలుపులన్నీ మనసులోనే ఉన్నాయి. కాలి ముందున్న గోతులు, ముళ్లు, పాములు చూసేది మాత్రం జాజి అనే కుక్క. నడిచేటప్పుడు ఆయన మెడలో పలుపుకు రెండో కొస దాని మెడలో ఉండేది. ఒకరు లేకపోతే రెండోవారికి గుక్కెడు నీళ్లు లేవు.

అయినా రోజూ పోట్లాటే.

“ఎడమకు తిరగవే, అడ్డదారిన పోదాం.”

“రాను తాతా. అక్కడ ఎండుటాకుల కింద ఊబి ఉంది.”

“మొండిఘటమా! చెప్పిన మాట ఒక్కటైనా వింటావా?”

“వినను. తిట్టుకో.” జాజి అక్కడే చతికిలబడేది.

ఆ ఊటను సొంతం చేసుకోవాలని ఓ నక్కకు మహా ఆశ. వెనకాలే వెళ్దామంటే జాజి దూరం నుంచే వాసన పట్టి తరిమేది. అందుకని ఓ మధ్యాహ్నం నల్లన్న కునుకు తీస్తుంటే, అవతల పొదల్లో తిరుగుతున్న జాజి దగ్గరికి రొప్పుతూ వచ్చింది.

“మీ తాత ఒక్కడే లోయ వైపు పోతున్నాడే తల్లీ!”

జాజి పడుతూ లేస్తూ లోయకు పరుగెత్తింది. నక్క తీరిగ్గా జాజి పడుకునే గడ్డిలో పొర్లి, ఆ వాసన ఒంటికి పట్టించుకుని, పలుపులో తల దూర్చింది.

“లే తాతా, పోదాం” అంది గొంతు మార్చి.

కుడికి అంటే కుడికి నడిచింది. ఆగమంటే ఆగింది. మాట మాటకూ “చిత్తం తాతా” అంటూనే ఉంది.

“ఏమిటే, ఇవాళ ఇంత మర్యాద?” అని నవ్వాడు నల్లన్న. ఎడమ మలుపు రాగానే అలవాటుగా, “అడ్డదారిన పోదామా?” అన్నాడు.

“చిత్తం తాతా, మీ ఇష్టం!”

నల్లన్న చెవులు రిక్కించాడు. ఇది జాజి కాదు. మరి నా జాజి ఏమైనట్టు?

“అయితే నువ్వు ముందు నడువమ్మా” అని గిట్టలు గట్టిగా పాతుకుని నిలబడ్డాడు.

నక్క హుషారుగా ముందుకు దూకి పప్పులో కాలేసింది. అచ్చంగా చెప్పాలంటే, ఊబిలో.

“బాబోయ్! లాగు తాతా, లాగు!”

“లాగుతాను. ముందు నా జాజి ఎక్కడో చెప్పు.”

“లోయకు పంపాను! ఒట్టు, ముట్టుకోలేదు!”

నల్లన్న ఒక్క ఊపున దాన్ని గట్టుకు లాగి, అడవి అదిరేలా రంకె వేశాడు. ఊట మాట దేవుడెరుగు, చెవుల దాకా బురదతో నక్క పలుపు వదిలించుకుని పారిపోయింది.

రంకె విని జాజి వగరుస్తూ వచ్చింది. “తాతా! లోయలో పడిపోయావనుకున్నా!”

నల్లన్న దాని గీరుకుపోయిన కాళ్లు నాకాడు. “కాదన్నావని నిన్ను ఎన్ని తిట్లు తిట్టానే తల్లీ! నువ్వు కాదనబట్టే ఇన్నాళ్లు బతికాను. నీ రుణం తీర్చుకోలేను.”

“నువ్వు దారి చెప్పబట్టేగా తాతా, నా గొంతూ తడిసింది” అంది జాజి, ఆయన మెడకు ఆనుకుని.

నీతి: ప్రతి మాటకూ తలూపేవాడు కాదు, మన మేలు కోరి మనకే ఎదురు చెప్పేవాడు అసలైన తోడు.