గడియ లేని పురిటిల్లు

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు ఇంకా పాకుతున్న కాలంలో, ఒక ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంకలో నూకాలని ఒక ముసలమ్మ. ఆమెకి ఒక గుడిసె, ఒక మేక, మంచం దిగలేని మొగుడు అప్పడు. అంతే ఆమె సంసారం.

నూకాలు పురుళ్ళు పోసేది. మహా హస్తవాసి అని నేను చెప్పను. ఆమె చేతిలో బతికినవాళ్ళున్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. కానీ ఎండలో పిలిస్తే వచ్చేది, వానలో పిలిస్తే వచ్చేది, పిలవడం మరిచిపోయినా వచ్చేది.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. నొప్పులు మొదలవగానే పురిటింటి తలుపుకి లోపల గడియ వేసేవాళ్ళు. కాన్పులో పోయిన ఆడది దయ్యమై తిరుగుతుందని, ఎరిగినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని వాళ్ళ భయం. అందుకని వచ్చినామె గుమ్మం బయట నిలబడి, "మంత్రసానిని వచ్చాను, తలుపు తియ్యండి" అనాలి. ఆ మాట పలకబోతే దయ్యానికి గొంతు పూడుకుపోతుందట. మాట వినబడితే గడియ తీస్తారు. వినబడకపోతే కన్నతల్లి పిలిచినా తియ్యరు.

ఇలా ఉండగా, ఏటి అవతల కోటలో రాజుగారి చెల్లెలు పురిట్లో పోయింది. మంత్రసానినని చెప్పుకుని వచ్చిన ఒకత్తె ఏదో పసరు తాగించి, నగలు మూటగట్టుకుని పారిపోయిందట. రాజు కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. ఏడ్చి, దండోరా వేయించాడు. ఇకమీదట కోటలో విద్య నేర్చుకుని, రాగి కడియం వేయించుకున్నవాళ్ళే మంత్రసానులు. కడియం లేకుండా ఆ పేరు చెప్పుకుంటే ఇంటిల్లిపాదినీ ఊరి నుంచి వెళ్ళగొడతారు. రాజుని తప్పుపట్టడానికేం లేదు. తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్నవాడు ఊరుకుంటాడా?

నూకాలూ తప్పుపట్టలేదు. పడవెక్కి కోటకి పోయి, నాకూ నేర్పండి బాబూ అని అడిగింది. వయసు మీరిందన్నారు. సరేనని తిరిగొచ్చింది. పేరు పోతే పోయింది, నిలవనీడ ఉంది చాలని మొగుడికి చెప్పింది. అప్పట్నుంచి ఎవరికి నొప్పులొచ్చినా గడియ వేయకముందే పోయి లోపల కూర్చునేది. కడియం ఉన్నామె వచ్చేదాకా నీళ్ళు కాచేది, నడుం పట్టేది. ఆ మాట మాత్రం అనేది కాదు.

ఒక వానాకాలం ఏరు పొంగింది. లంక చివర గవరమ్మ కోడలు పైడితల్లికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. కొడుకు కడియం ఉన్నామె కోసం పడవ తీశాడు. పడవ అవతలికి చేరింది, మళ్ళీ ఇవతలికి రాలేకపోయింది. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. గవరమ్మ పెద్దకోడలు అంతకు ముందు ఏడాదే ఆ ఇంట్లోనే కాన్పులో పోయింది. గవరమ్మ గడియ వేసుకుంది.

సంగతి తెలిసి నూకాలు తడుస్తూ వచ్చి తలుపు తట్టింది.

"ఎవులది?" అంది గవరమ్మ.

"నానప్పా, నూకాల్ని. తలుపు తియ్యి."

గొంతు నూకాలుదే. కానీ అనవలసిన మాట అనలేదు. గవరమ్మ తియ్యలేదు.

పక్కనే గట్టు మీద జనం వరద చూస్తున్నారు. వాళ్ళలో ఊరి తలారి ఉన్నాడు. విన్నది పైకి చెప్పడం అతని కొలువు. నూకాలు అతనికేసి చూసింది. అతను ఏటికేసి చూశాడు. ఆమెకి మంచంలో ఉన్న అప్పడు గుర్తొచ్చాడు.

లోపల పైడితల్లి కేక పెట్టింది. నూకాలు మళ్ళీ తట్టింది.

"ఎవులది?"

"నూకాల్నేనప్పా. నీ కొడుకుని ఈ చేతుల్తోనే ఎత్తినాను."

"నూకాలువైతే ఆ మాట అనవే," అని గవరమ్మ ఏడ్చింది. "నా పెద్దకోడలు నీ గొంతుతో పిలుస్తందేమో. నానెలాగ తియ్యను?"

గట్టు మీదివాళ్ళు కూడా, అది నూకాలేనని అరిచారు. దయ్యం పది గొంతులతోనైనా పిలుస్తుందని గవరమ్మ చెవులు మూసుకుంది. పురిటింటి తలుపు మగాడు ముట్టరాదని ఒక్కడూ గట్టు దిగలేదు. నూకాలు అనవలసిన మాట అనలేదు. గవరమ్మ తియ్యలేదు.

మూడోసారి తట్టబోయేసరికి లోపల కేకలు ఆగిపోయాయి. అలా ఆగిపోవడమంటే ఏమిటో నూకాలుకి తెలుసు.

"మంత్రసానిని వచ్చాను, తలుపు తియ్యండి," అంది. ఏటి హోరు మీద అందరికీ వినబడేలా అంది.

గవరమ్మ గడియ తీసింది. బిడ్డ బయటపడింది, ఆడపిల్ల, ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి పైడితల్లి లేదు.

గవరమ్మ బిడ్డని ఒళ్ళోకి తీసుకుని నూకాలుని ఒక్కటే అడిగింది. "అంత మాట నోట్లో ఎట్టుకుని, ఇంతసేపూ ఎందుకన్లేదే?"

నూకాలు పైడితల్లి కళ్ళు మూసింది.

వరద తీశాక తలారి చెప్పవలసింది చెప్పాడు. కడియం ఉన్న మంత్రసాని, పడుచుపిల్ల, రాజు కాళ్ళ మీద పడి, ఆ ముసలమ్మని వదిలేయమని వేడుకుంది. ఈమెని వదిలేస్తే రేపు ఈమె పేరు చెప్పుకుని ఇంకో పసరుదొంగ వస్తుందన్నాడు రాజు. ఆ పిల్లదీ న్యాయమే, రాజుదీ న్యాయమే. ఇద్దరిదీ న్యాయమే కావడమే నా ఏడుపు.

అప్పడి మంచాన్ని తలారే పడవలోకి మోశాడు. అవతలి ఇసుకలో, పైకప్పు లేని చోట, అప్పడు ఎన్నాళ్ళో బతకలేదు. నూకాలు మాత్రం బతికింది. రేవులో కూర్చుని, పడవ దిగిన ప్రతివాళ్ళకీ "ముందే అనుండాల్సింది" అని చెప్పేదట. ఒకనాడు రేవులో లేదు. ఎవరు పూడ్చారో, అసలు పూడ్చారో లేదో కూడా ఎవరికీ తెలియదు.

తల్లి లేని ఆ పిల్ల పెరిగి పెద్దదై, పురిటికి ఆ ఇంటికే వచ్చింది. నొప్పుల్లోనే లేచి, గడియ ఊడదీయించి ఏట్లో వేయించింది.

ఇప్పటికీ ఆ లంకలో పురిటింటికి గడియ ఉండదు. దయ్యం వస్తుందేమో అంటే, రానీ, అదీ పురిట్లో పోయిన ఆడదే కదా అంటారు. గుమ్మంలో అలికిడైతే ఎవరని అడగరు. "వచ్చినావా నూకాలూ, లోపలికి రా" అంటారు.

ఆ గుమ్మం ముందు ఆమె తడుస్తూ నిలబడ్డనాడు ఆ మాట ఒక్కరూ అనలేదు.