సుగంధరావు పంపిన టేకాకులు

అనగనగా ఒక అడవిలో, ఒక టేకుచెట్టు తొర్రలో, చారలమ్మ అనే ఉడుత తన పిల్లలతో ఉండేది. అడవి మొత్తానికి కావలసిన విత్తనాలు దాచడం ఆమె పని.

ఉడుతల సంగతి మీకు తెలుసుగా పిల్లలూ! దాచడంలో వాటిని మించినవాళ్ళు లేరు. ఎక్కడ దాచాయో మరచిపోవడంలోనూ లేరు. ఆ ఏడు చారలమ్మ విత్తనాలన్నీ జాగ్రత్తగా పాతిపెట్టింది. ఎక్కడ పాతిందో శుభ్రంగా మరచిపోయింది!

ఆమె ఏడుస్తూ నేలంతా గోకుతుంటే పొదలోంచి పునుగుపిల్లి సుగంధరావు చూశాడు. మర్నాడు తొర్ర ముందు ఒక టేకాకు పడి ఉంది. పేరు లేదు. గోటి గీతలతో రాత మాత్రం ఉంది.

"నీ గుట్టు నాకు తెలుసు. నల్లరాయి దగ్గర బుట్టెడు అత్తిపళ్ళు పెట్టు. ఈ ఆకు నమిలి మింగెయ్."

చారలమ్మ భయపడి పళ్ళు పెట్టింది. ఆకు మింగింది. ఇక చూడండి కడుపునొప్పి!

రెండో ఆకు వచ్చింది. "తేనెపట్టు కావాలి." పాపం, తేనెటీగలు కుడితే ఆమె ముక్కు వంకాయంత అయింది. ఆకు మింగే ఓపిక లేక మూలన పడేసింది.

మూడో ఆకు వచ్చింది. "నీ తొర్ర కావాలి. ఎల్లుండికి పిల్లలతో సహా ఖాళీ చెయ్."

చారలమ్మ రెండు ఆకులూ పట్టుకుని ముళ్ళపంది అత్త దగ్గరికి పరుగెత్తింది.

"అత్తా, నా పిల్లలు ఎక్కడ పడుకుంటారే!"

అత్త ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పళ్ళిచ్చావు, తేనె అడిగాడు. తేనె ఇచ్చావు, ఇల్లడిగాడు. ఇల్లిస్తే ఊరుకుంటాడా? నువ్వు దాచుకున్నంత కాలం వాడు దోచుకుంటాడు! మొదటి ఆకేదీ?"

"మింగేశాను."

"ఓసి పిచ్చిదానా! సాక్ష్యాన్ని జీర్ణం చేసుకున్నావా?" అత్త ఆకుల్ని వాసన చూసింది. "అబ్బో, ఏం ఘుమఘుమ! పద, సభ పెట్టిద్దాం."

మర్నాడు పొద్దున్నే సభ. న్యాయం చెప్పేది ఎలుగుబంటి పెద్దయ్య. చారలమ్మ కళ్ళు మూసుకుని గబగబా చెప్పేసింది. "విత్తనాలు ఎక్కడ పాతానో మరచిపోయాను. ఆ సంగతి పట్టుకుని ఎవరో నన్ను పీడిస్తున్నారు. ఇవిగో ఆకులు!"

సభ గుసగుసలాడింది. పెద్దయ్య ఆకుల్ని పీల్చి, "పునుగు వాసన!" అన్నాడు.

సుగంధరావు లేచాడు. "నా పేరుందా? నా సంతకముందా? అన్యాయం పెద్దయ్యా!" అంటూ, అలవాటు ఆగక, పక్కనున్న రాయికి తోక మొదలు బరబరా రుద్దాడు. పునుగుపిల్లి ఎక్కడ నిలబడితే అక్కడ అదే పని!

పెద్దయ్య రాయిని వాసన చూశాడు. ఆకును చూశాడు. మళ్ళీ రాయిని. "ఇదేరా నీ సంతకం!"

తర్వాత ఆయన గొంతు సవరించుకుని, చంకలోంచి మెల్లగా ఒక టేకాకు తీశాడు.

"నాకూ ఒకటి వచ్చింది. నాకు... తేనెటీగలంటే భయం."

వెంటనే నెమలి గంతేసింది. "నాకూ వచ్చింది! నా తోకలో రెండు ఈకలు మా తమ్ముడివి!"

"నాకూ! నాకు ఈత రాదు!" అంది కప్ప.

ఇక ఆపేవాళ్ళెవరు? గుట్టు చెప్పి ఒకరు, విని ఇంకొకరు, నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వారు. "బెదిరింపులు నశించాలి! ఎవరి తొర్ర వారిదే!" అని ముళ్ళపంది అత్త నినాదం ఎత్తుకుంది. చీమలు ఊరేగింపు తీశాయి.

"ఇంకా ఎవరి గుట్టయినా ఉందా నీ దగ్గర?" అడిగాడు పెద్దయ్య.

"ఒక్కటీ మిగల్లేదు," గొణిగాడు సుగంధరావు.

"అయితే గోళ్ళకు పని చెప్పు. విత్తనాలు దొరికేదాకా అడవంతా తవ్వు!"

సుగంధరావు చెమటలు కక్కుతూ తవ్వుతుంటే, తమ తొర్రలోంచి తలలు బయటపెట్టి ఉడుత పిల్లలు అరిచారు.

"అక్కడ కాదు మామా! ఇంకాస్త పక్కకి!"

నీతి: బెదిరించేవాడి బలమంతా మన భయమే. అడిగింది ఇవ్వకండి, ఆధారం పారేయకండి, నలుగురిలో గొంతెత్తి చెప్పండి.