ఓబన్న ముద్ద

మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజులవి. వాగు ఒడ్డున ఒక పాలెం. ఆ పాలెంలో ఓబన్న అని ఒక పేదవాడు. అక్క లింగమ్మ తప్ప వాడికెవరూ లేరు. జొన్నచేలో మంచె ఎక్కి, మట్టిగడ్డలు విసిరి పిట్టల్ని తోలడమే వాడి పని. గడ్డ విసిరితే అటు పిట్టకూ తగలదు, ఇటు కంకికీ తగలదు, రెంటి నడుమ నుంచి దూసుకుపోతుంది.

అది పాలెగాడు చూశాడు.

"ఒరే ఓబా, రేపట్నుంచి మన పాలేనికి చెండు నువ్వే విసరాల."

"అట్లే దొరా."

ఆ రోజుల్లో ఊరికీ ఊరికీ చెండాట జరిగేది. ఒకడు విసరాలి, ఎదుటివాడు కర్రతో కొట్టాలి. కొండకింద ఊరివాళ్ళు వచ్చారు. కర్ర లేచేలోపే చెండు దాటిపోయింది. ఏటి అవతలివాళ్ళు వచ్చారు. కర్ర లేచేలోపే చెండు దాటిపోయింది. కోటవాళ్ళు గుర్రాలెక్కి వచ్చారు. కర్ర లేచేలోపే చెండు దాటిపోయింది. పన్నెండేళ్ళు ఇదే తంతు.

పదమూడో ఏట భుజం పట్టేసింది. దొర ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. మళ్ళీ పిలుస్తాడేమోనని ఓబన్న మూడు నెలలు ఎదురుచూశాడు. పిలుపు రాలేదు. మళ్ళీ మంచె ఎక్కి, ఎడమచేత్తో డప్పు కొట్టి పిట్టల్ని తోలుకున్నాడు.

ఆ ఏడు కోతలప్పుడు పట్టపగలే వాగు పొంగింది. కోతకు పోయి వస్తున్న ఏడుగురు ఆడవాళ్ళు నడిమి తిప్ప మీద చిక్కుకుపోయారు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఈతగాళ్ళు దిగలేకపోయారు. కొత్త చెండుగాడు రాయికి పురికొస కట్టి విసిరాడు. అది సగం దూరం కూడా పోలేదు.

"ఇటియ్యి" అన్నాడు ఓబన్న.

ఒకసారి విసిరాడు. నీళ్ళలో పడింది. రెండోసారి విసిరాడు. తిప్ప అంచున పడి జారిపోయింది. భుజంలో ఏదో టక్కుమంది.

లింగమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. "చాలురా తమ్ముడా! చెయ్యి పోతాది."

"పోతే పోనీ అక్కా. వాళ్ళు పోకూడదు."

మూడోసారి విసిరి, కేక పెట్టి కూలబడ్డాడు. రాయి సరిగ్గా ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర పడింది. వాళ్ళు పురికొస లాగితే దాని కొసకు కట్టిన లావుపాటి మోకు వచ్చింది. దాన్ని తిప్ప మీది కానుగచెట్టుకు బిగించి, పట్టుకుని ఏడుగురూ ఒడ్డెక్కారు.

ఓబన్న కుడిచెయ్యి ఇంక లేవలేదు. మర్నాడు ఆ ఏడుగురిలో ఒకామె సంగటి తెచ్చి, ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఆ మర్నాడు ఇంకొకామె. వారానికి ఏడు రోజులు, ఏడుగురి చేతులు. ఓబన్న కన్నుమూసేదాకా ఒక్కపూటా తప్పలేదు.

ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్ళల్లో చెండాట రోజున విసిరేవాడు తన చేత్తో తినడు. ఊరి ఆడవాళ్ళే వాడి నోటికందిస్తారు.

"తిను నాయనా," అంటారు, "ఇది ఓబన్న ముద్ద."